పెట్రోల్ కారుకి ఎల్పీజీ కిట్ పెట్టిస్తే నిజంగా దుడ్లు మిగులుతాయా? తిరుపతి - చిత్తూరు తిరిగేవాళ్ళు చెప్పండి

కొర్లగుంట_బండి
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. శానా రోజుల నుంచి ఇక్కడ చదువుతా ఉన్నా గానీ రాసింది లేదు, ఈ తూరి నాకే అవసరం పడింది. నాది 2013 పెట్రోల్ కారు, 1.2 లీటర్ ఇంజన్, ఇప్పటికి 74 వేల చిల్లర తిరిగింది. ఇల్లు తిరుపతిలో, ఉద్యోగం చిత్తూరులో. వారంలో కొన్ని రోజులు బస్సు, కొన్ని రోజులు కారు. దానికి తోడు అమ్మని పదిహేను రోజులకొకసారి వేలూరు ఆస్పత్రికి తీసుకపోవాల, ఆమెకి మోకాళ్ళు బాగలేవు, బస్సు మెట్లు ఎక్కలేదు, ఆ ప్రయాణం మాత్రం కారులోనే. అన్నీ కలిపితే నెలకు 1500 కిలోమీటర్లకు తగ్గదు అనుకుంటా. మైలేజీ 13 వస్తా ఉంది. పెట్రోలు 110 దగ్గర ఉంది, జీతంలో ఎంత ట్యాంకులోకి పోతా ఉందో చూసుకుంటే కడుపు మండతా ఉంది.

ఒక షెడ్డులో అడిగితే సీక్వెన్షియల్ ఎల్పీజీ కిట్, స్టెప్నీ గుంతలో పట్టే గుండ్రం ట్యాంకు, ఫిట్టింగు అంతా కలిపి 48 వేలు అన్నారు. ఆర్సీలో ఎక్కించడానికి ఇంకో నాలుగు వేలు. ఏడాదిలో పెట్టింది వెనక్కి వచ్చేస్తుంది సార్ అంటాడు ఆయన. ఎల్పీజీ బంకు మా ఇంటికి 11 కి.మీ. దూరంలో హైవే మీద ఒకటి ఉంది. వాడినోళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండన్నా. ఇంజను పాడవుతుందా, ఘాట్ ఎక్కుతుందా, అమ్మ వెనక సీట్లో కూర్చుంటాది కాబట్టి ట్యాంకు వల్ల భయం ఉందా, ఇవే నాకు కావాల్సింది.

రేణిగుంట_ట్యాక్సీ
ఆదివారం, రాత్రి 9:50

అన్నా నేను ఎల్పీజీ మీద నాలుగేళ్ళు బాడుగకి తిప్పినా, ఇప్పుడు సీఎన్జీ బండి. నాకైతే మిగిలింది, అబద్ధం చెప్పను. కానీ నాది వేరే కథ. చెన్నై ఎయిర్‌పోర్టు ట్రిప్పులు, ఒక్కో ట్రిప్పు రానూపోనూ 270, 280 పడతాది, నెలకు నాలుగు వేలు దాటి తిరిగేవాణ్ణి. చెన్నైలో ఆటోలన్నీ గ్యాస్ మీదే కాబట్టి ఆడ బంకులకు కొదవ లేదు, అక్కడే నింపుకుని వచ్చేవాణ్ణి. కిట్ దుడ్లు ఏడెనిమిది నెలల్లో వచ్చేసినాయి. నెలకు నాలుగు వేలు తిరిగేవాడికి వచ్చినట్టు అందరికీ రాదు, ముందు నువ్వు నిజంగా ఎంత తిరుగుతావో చూసుకో.

గ్రీమ్స్‌పేట_నివాసి
ఆదివారం, రాత్రి 10:21

నేను చెడ్డ అనుభవం చెప్తా, భయపెట్టడానికి కాదు, ఏ కిట్ పెట్టించుకోకూడదో తెలియాలని. నా పాత కారుకి 2009లో మిక్సర్ రకం కిట్ పెట్టించినా, అప్పట్లో అదే చవక, 18 వేలు. అందులో ఇంజెక్టర్లు ఉండవు, గాలి పోయే దారిలోనే గ్యాస్ కలుస్తుంది, అంటే ఇన్‌టేక్ పైపు మొత్తం మండే గ్యాసుతో నిండి ఉంటుంది. పలమనేరు నుంచి వస్తా మొగిలి ఘాట్‌లో ముందు లారీ ఉంటే గేర్ తగ్గించి యాక్సిలరేటర్ తొక్కినా, బానెట్ కింద టపాకాయ పేలినట్టు శబ్దం. బండి పక్కకి తీసి బానెట్ ఎత్తితే ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత క్లిప్పులు విరిగి మూత బ్యాటరీ మీద పడుంది, లోపల ఫిల్టర్ కాగితం అంచులు నల్లగా కాలినాయి. మా పాప అప్పుడు ఒకటో తరగతి, వెనక సీట్లో ఏడుపు ఆపలేదు. కారణం ఏందంటే ఒక ప్లగ్గు వైరు బలహీనంగా ఉంది, పెట్రోల్ మీద అది తెలియదు, గ్యాస్ మీద మిస్ కొట్టి మంట వెనక్కి తన్నింది.

ఇప్పుడు సీక్వెన్షియల్ కిట్‌లో ఇంజన్‌లోని ఒక్కో సిలిండర్ నోటి దగ్గర ఒక్కో ఇంజెక్టర్ ఉంటుంది, వాల్వ్ తెరుచుకునే టైముకే గ్యాస్ వదులుతుంది, ఈ వెనక్కి తన్నడం దాదాపు ఉండదు. కాబట్టి నువ్వు పెట్టించుకుంటే అదే పెట్టించుకో, చవక కోసం పాత రకానికి పోవద్దు. కాయిల్, ప్లగ్గులు ముందే కొత్తవి వేయించు.

లెక్కల_మాస్టారు
సోమవారం, ఉదయం 6:35

నేను లెక్క చేసి పెడతాను, రేట్లు మారితే మీరే అంకెలు మార్చుకోండి. లీటరు పెట్రోల్‌లో ఉండే శక్తి సుమారు 32 మెగాజౌళ్ళు, లీటరు ఎల్పీజీలో సుమారు 25. అందుకే అదే దూరం పోవడానికి గ్యాస్ లీటర్లలో ఎక్కువ కావాలి, 13 ఇచ్చే బండి గ్యాస్ మీద 10.4 దగ్గర ఇస్తుంది. లీటరుకి ఇంత తక్కువ అని బోర్డు చూసి సంబరపడేవాళ్ళు ఇక్కడే పప్పులో కాలేస్తారు. గ్యాస్ రేటు పెట్రోల్ రేటులో ఎనభై శాతానికి చేరిందంటే మిగిలేది సున్నా.

పెట్రోల్ 110 అయితే కిలోమీటరుకి 8 రూపాయల 46 పైసలు. ఎల్పీజీ 65 అనుకుంటే 6 రూపాయల 25 పైసలు. మిగిలేది 2 రూపాయల 21 పైసలు. మొత్తం ఖర్చు 52 వేలు అంటున్నారు కాబట్టి గ్యాస్ మీద సుమారు 23,500 కి.మీ. నడిస్తే అసలు వస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బండి పెట్రోల్ మీదే స్టార్ట్ అయి, కూలెంట్ నలభై డిగ్రీల దాకా వేడెక్కాక గ్యాస్‌కి మారుతుంది, కాబట్టి పదో వంతు పెట్రోల్ మీదే పోతుంది. మీరు చెప్పిన 1500లో 1350 గ్యాస్. అంటే పదిహేడున్నర నెలలు. ఏడాది కాదు. షెడ్డు ఆయన ఏ లెక్క మీద చెప్పాడో అడగండి.

మదనపల్లె_టమోటా
సోమవారం, ఉదయం 8:04

బంకు దూరం అని బాధ ఎందుకు బ్రదర్. మా పక్క కొందరు ఇంటి సిలిండర్ నుంచి కారు ట్యాంకులోకి ఎక్కిస్తారు, చిన్న మోటారు పెట్టి. ఇంకా చవక పడుతుంది, బంకు వెతుక్కునే పని లేదు.

పాకాల_మెకానిక్
సోమవారం, ఉదయం 8:31

తమ్ముడూ ఆ మాట ఇంకోసారి రాయొద్దు, చదివినోడు ఎవడన్నా చేస్తాడు. ఇరవై రెండేళ్ళ నుంచి ఇదే పని నాది. అట్లా ఎక్కిస్తా ఉంటే ఏమయిందో నా కండ్లారా చూసినా. ఊరు పేరు వద్దు. రేకుల షెడ్డు, తలుపు సగం మూసుంది బయటికి కనపడకూడదని. పైపు లూజు అయ్యి గ్యాస్ కారింది. ఎల్పీజీ గాలికన్నా బరువు, పైకి పోదు, నేలంతా పరుచుకోని గుంతల్లో నిలుస్తాది. వాసన వస్తా ఉందిలే మోటారు ఆపుదాం అని పిల్లోడు స్విచ్ మీద చెయ్యేసినాడు, ఆ స్విచ్‌లో వచ్చే నిప్పురవ్వ చాలు. నేల మీద నీలంగా మంట పాకింది, మోకాళ్ళ కింద రెండు కాళ్ళూ కాలినాయి వాడికి. పంతొమ్మిదేళ్ళ పిల్లోడు. నెలన్నర మంచం మీద ఉన్నాడు, ఇప్పటికీ కుంటతాడు.

చట్టం సంగతి కూడా విను. ఇంటి సిలిండర్ గ్యాసును బండికి వాడడం నేరం, 2000లో వచ్చిన ఎల్పీజీ ఆర్డర్‌లో ఉంది, బండితో పాటు సిలిండర్లూ పట్టకపోతారు. ఇంటి గ్యాస్ వేరే, బంకులో ఆటో గ్యాస్ వేరే, ప్రొపేన్, బ్యూటేన్ పాళ్ళు వేరే ఉంటాయి.

ఇంక కొర్లగుంట తమ్ముడికి. సరిగ్గా పెట్టిన ట్యాంకు గురించి భయం వద్దు. మందం ఇనుము, పెట్రోల్ ట్యాంకు కన్నా గట్టిది. మల్టీవాల్వ్ అని ఒకటి ఉంటాది, ట్యాంకు ఎనభై శాతం నిండగానే అదే ఆపేస్తాది, ఎందుకంటే మన తిరుపతి ఎండల్లో ద్రవం ఉబ్బతాది, దానికి చోటు వదలాల. 40 లీటర్ల ట్యాంకులో 32 లీటర్లే పడతాది, బంకువాడు మోసం చేసినాడు అనుకోవద్దు. ఒత్తిడి మరీ ఎక్కువైతే గ్యాస్ బయటికి వదిలే వాల్వు కూడా అందులోనే ఉంటాది. గ్యాస్‌లో కావాలనే వాసన కలిపి ఉంటాది, కుళ్ళిన వాసన వచ్చిందంటే బండి ఆపి, ఇంజన్ కట్టేసి, తలుపులు తెరిచి, ట్యాంకు వాల్వ్ కట్టేసి, జాయింట్లకి సబ్బు నురగ పూసి చూసుకోవాల. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్ళు ఉన్నారు, అది మాత్రం ఎప్పుడూ వద్దు. అయిదేళ్ళకొకసారి ట్యాంకు టెస్టింగు చేయించాల.

ఇంజన్ పాడవదు, కానీ కొన్ని చూసుకోవాల. గ్యాస్ పొడిగా కాలతాది, వాల్వ్ సీట్ల మీద అరుగుదల ఎక్కువ, ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు, చూపించుకోవాల. గ్యాస్ ఫిల్టర్లు పది, పదిహేను వేలకి మార్చాల. ట్యాంకు నుంచి వచ్చే గ్యాసుని ఆవిరి చేసి ఒత్తిడి తగ్గించే రెడ్యూసర్ కింద చిన్న మర ఉంటాది, విప్పితే నల్లగా తారు మాదిరి నూనె కారతాది, గ్యాస్‌లో ఉండే జిడ్డు అది, వదిలేస్తే లోపలి డయాఫ్రమ్ రబ్బరు ఉబ్బి బండి ఐడిల్‌లో ఆగిపోతా ఉంటాది. మంచి సంగతి ఏందంటే ఇంజన్ ఆయిల్ తొందరగా నల్లబడదు, ప్లగ్గులు శుభ్రంగా ఉంటాయి.

ఒక్కటి అడగాల. 1.2 లీటర్ బండి, హైవే మీద ఎక్కువ తిరిగేది, 13 ఎందుకు ఇస్తా ఉంది? 16, 17 రావాల. గ్యాస్ సంగతి పక్కన పెట్టి ముందు అది చూడు. ఇరవై కిలోమీటర్లు పోయి ఆపి, నాలుగు చక్రాల దగ్గర రిమ్ము పక్కన చెయ్యి పెట్టి చూడు. ముట్టుకోవద్దు, దగ్గరగా పెడితే చాలు. ఏదన్నా ఒకటి మిగతావాటికన్నా వేడిగా తగిలితే నాకు చెప్పు.

పుత్తూరు_టీచర్
సోమవారం, సాయంత్రం 5:18

కాగితాల గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు, నేను దెబ్బ తిన్నాను కాబట్టి రాస్తున్నా. సెకండ్ హ్యాండ్‌లో గ్యాస్ కిట్ ఉన్న కారు కొన్నాను, అమ్మినాయన అన్నీ ఉన్నాయమ్మా అన్నాడు, నేను ఆర్సీలో ఇంధనం అన్న చోట చూడలేదు, అక్కడ పెట్రోల్ అని మాత్రమే ఉంది. నగరి దగ్గర వెనక నుంచి వ్యాన్ గుద్దింది, డిక్కీ లోపలికి పోయింది. ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి డిక్కీ తెరిచి ట్యాంకు చూసి, పాలసీలో గ్యాస్ కిట్ లేదు కదా మేడం అన్నాడు. క్లెయిమ్ ఇవ్వలేదు. 61 వేలు మా ఆయనా నేనూ చేతి నుంచి పెట్టుకున్నాం.

కాబట్టి తమ్ముడూ, కిట్‌కి ఏఆర్ఏఐ లాంటి, బండ్లని పరీక్షించే సంస్థ ఇచ్చిన అప్రూవల్ ఉందా, అది నీ కారు మోడల్‌కీ ఇంజన్‌కీ వర్తిస్తుందా చూసుకో. ట్యాంకు మీద చెక్కిన సీరియల్ నంబర్, సర్టిఫికెట్‌లో నంబర్ ఒకటేనా చూసుకో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్సీలో మార్పు ఎక్కించుకోవాలి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూస్తాడు. లోన్ ఉంటే బ్యాంకు నుంచి కాగితం కావాలి. ఆ తర్వాత ఇన్సూరెన్స్‌కి చెప్పాలి, కిట్ విలువలో నాలుగు శాతం, థర్డ్ పార్టీకి ఇంకో అరవై రూపాయలు ప్రీమియం పెరుగుతుంది అంతే. ఆ రెండు వేల కోసం చూసి నేను అరవై వేలు పోగొట్టుకున్న మాట మర్చిపోకు. షెడ్డులో నాలుగు వేలు అన్నది ఈ పనులన్నిటికీ కలిపేనా, కాగితం మీద రాయించుకో.

ఇంకొకటి, గుండ్రం ట్యాంకు స్టెప్నీ గుంతలోకి పోతే స్టెప్నీ ఎక్కడ పెడతావు? డిక్కీలోనే కదా. అమ్మగారిని ఆస్పత్రికి తీసుకపోతా అన్నావు, సామాన్లు ఏమైనా ఉంటాయా?

కొర్లగుంట_బండి
సోమవారం, రాత్రి 9:05

అక్కా మీరు అడిగేదాకా నాకు తట్టనే లేదు. అమ్మకి మడిచే చక్రాల కుర్చీ ఉంది, ఆస్పత్రి గేటు నుంచి లోపలికి దాంట్లోనే తీసుకపోవాల. ఇప్పుడే కిందికి పోయి స్టెప్నీ బయటికి తీసి డిక్కీ నేల మీద పడుకోబెట్టి, కుర్చీ మడిచి పెట్టి చూసినా. డోర్ పడలేదు. స్టెప్నీని నిలబెట్టి వెనక సీటుకి ఆనించి చూసినా, కుర్చీ చక్రం నాలుగు వేళ్ళంత బయటికి వస్తా ఉంది. అమ్మ బాల్కనీ నుంచి చూస్తా ఈ రాత్రి పూట టైరుతో ఏం పనిరా అని అడిగింది.

మాస్టారూ, ఇంకో సంగతి. నెలకు 1500 అన్నది నోటి లెక్క. సర్వీస్ బిల్లు వెతికి చూసినా. 14 నెలల కింద సర్వీస్‌లో రీడింగ్ 62,640 రాసినారు, ఇప్పుడు 74,120. అంటే 11,480. నెలకు 820. నాకు నమ్మకం కలగక రెండు తూర్లు చూసుకున్నా. కారులో పోయినా అనుకున్న రోజుల్లో శానా రోజులు ఆఫీసు అన్న బండిలో ఎక్కిపోయినట్టున్నా.

లెక్కల_మాస్టారు
సోమవారం, రాత్రి 9:40

820లో గ్యాస్ మీద 740 వేసుకోండి. నెలకు మిగిలేది 1,635 రూపాయలు. 52 వేలు రావడానికి దాదాపు 32 నెలలు. ఇందులో ఫిల్టర్లు, పెరిగే ప్రీమియం, గ్యాస్ కోసం బంకుకి 22 కి.మీ. తిరిగే ఖర్చు కలపలేదు. మీ దారిలో ఆ బంకు వస్తే ఆ తిరుగుడు ఉండదు, రాకపోతే ఉంటుంది.

ఇంకా ముఖ్యమైనది, మీ బండి 2013ది. ఆర్సీ పదిహేనేళ్ళు, అంటే 2028లో మళ్ళీ ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. పెట్టిన దుడ్లు వెనక్కి వచ్చేసరికి ఈ బండిని ఉంచుకోవాలా వద్దా అన్న ప్రశ్న ముందుంటుంది.

కుప్పం_టు_బెంగళూరు
సోమవారం, రాత్రి 11:15

బెంగళూరులో నాది ఎల్పీజీ కారే, కంపెనీ నుంచే గ్యాస్‌తో వచ్చింది, వేగనార్ డ్యువో, 2006 నుంచి వచ్చేవి గదా ఆ రకం. ఇక్కడ ఆటోల వల్ల బంకులు ఉన్నాయి, సుఖంగా ఉంది. కానీ ఊరికి వస్తే కథ మారిపోతుంది. మ్యాప్‌లో ఎల్పీజీ అని చూపిస్తుంది, పోతే మిషన్ మీద గోనెసంచి కప్పి ఉంటుంది, అమ్మకం లేక ఆపేసినాం అంటారు. ఒకే ఒక్క బంకును నమ్ముకొని 52 వేలు పెట్టడం నాకైతే ధైర్యం చాలదు. నువ్వు ఆ బంకుకి ఒక నెలలో మూడు నాలుగు తూర్లు పోయి చూడు, ప్రతిసారీ గ్యాస్ ఉందా లేదా, ఎన్ని బండ్లు వస్తున్నాయి, అడుగు.

ఘాట్ గురించి అడిగినావు. గ్యాస్ ఆవిరిగా ఇంజన్ సిలిండర్‌లోకి పోతే అంత గాలి తగ్గుతుంది, అయిదు నుంచి పది శాతం గుంజుడు తగ్గుతుంది. తిరుమల రెండో ఘాట్‌లో నలుగురం, ఏసీ వేసుకొని ఎక్కినా, మూడో గేర్‌లో పోయే చోట రెండుకి రావాల్సి వచ్చింది. ఎక్కదు అని మాత్రం కాదు, ఎట్లాగూ అలిపిరి నుంచి పైకి 28 నిమిషాలకన్నా ముందు పోకూడదు గదా, తొందర ఉండదు. భాకరాపేట ఘాట్‌లో లారీని దాటాలన్నప్పుడు మాత్రం చూసుకోని దాటాల, పెట్రోల్ మీద దాటినట్టు ఉండదు.

మదనపల్లె_టమోటా
మంగళవారం, ఉదయం 7:20

మెకానిక్ అన్నా, నిన్న తెలియక రాసినా. ఆ పిల్లోడి సంగతి చదివి రాత్రి మా బావమరిదికి ఫోన్ చేసినా, వాళ్ళ వీధిలోనే ఒకడు చేస్తాడు. వాడికి చెప్పించినా. నా పోస్ట్ అట్లే ఉండనీండి, కింద మీ జవాబు ఉంది కదా, అది చదువుతారు.

రేణిగుంట_ట్యాక్సీ
మంగళవారం, ఉదయం 10:02

సీఎన్జీ మాట కూడా చెప్తా ఎందుకంటే ఎవరో ఒకరు అడుగుతారు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా, కోలారు, వేలూరు మూడూ కలిపి ఒకే సిటీ గ్యాస్ ఏరియా కింద ఇచ్చినారు కాబట్టి బంకులు పెరుగుతా ఉన్నాయి, నేను ఎల్పీజీ వదిలి దీనికి వచ్చింది కూడా అందుకే. కిలో మీద శానా దూరం పోతాది. కానీ 200 బార్ల ఒత్తిడి, సిలిండర్ బరువు, డిక్కీ మొత్తం పోతాది, మూడేళ్ళకి ఒకసారి హైడ్రో టెస్ట్, అంటే సిలిండర్‌లో నీళ్ళు నింపి ఒత్తిడి పెట్టి చూసేది. కొత్త బండి కొనేవాడు కంపెనీ సీఎన్జీ కొనుక్కుంటే మంచిది. నీకు చక్రాల కుర్చీ ఉంది, స్టెప్నీకే చోటు లేదంటివి, ఈ సిలిండర్ యాడ పెడతావు. నీకు అది వద్దు.

వేలూరుకి నెలకు రెండు తూర్లు పోతావు గదా, పెట్రోల్ ఆడ కొట్టించు. తమిళనాడులో మనకన్నా ఏడెనిమిది రూపాయలు తక్కువ. తిరుపతి నుంచి పోయేటప్పుడు సగం ట్యాంకుతో పో, వచ్చేటప్పుడు ఫుల్ చేసుకో. మా ట్యాక్సీవాళ్ళం అందరం చేసే పనే.

గ్రీమ్స్‌పేట_నివాసి
మంగళవారం, మధ్యాహ్నం 1:30

మా చిత్తూరు వాళ్ళకి అది అలవాటే, వేలూరు ఎంత దూరం, ముప్పై చిల్లర కిలోమీటర్లు. కానీ పెట్రోల్ కోసమే పోతే మాత్రం గిట్టదు, పని ఉండి పోయినప్పుడే.

కొర్లగుంట_బండి
గురువారం, రాత్రి 8:48

మెకానిక్ అన్నా, నిన్న చిత్తూరు పోయొచ్చినా. పోతా పోతా పూతలపట్టు దగ్గర ఆపి మీరు చెప్పినట్టు చెయ్యి పెట్టి చూసినా. మూడు చక్రాలు మామూలుగా గోరువెచ్చగా ఉన్నాయి. ముందు ఎడమ చక్రం దగ్గర పొయ్యి దగ్గర చెయ్యి పెట్టినట్టు ఉంది, ఇనుము కాలిన వాసన కూడా. ఎన్నాళ్ళ నుంచో బండి ఎడమకి రొంత లాగతా ఉంది అనుకుంటా ఉన్నా, అలైన్‌మెంట్ అనుకొని వదిలేసినా.

పాకాల_మెకానిక్
గురువారం, రాత్రి 9:10

అదే. బ్రేకు పట్టుకోని వదలడం లేదు. బ్రేకు ప్యాడ్లని డిస్కు మీద నొక్కే కాలిపర్ పిన్ను తుప్పు పట్టింది, లేదా పిస్టన్ ఇరుక్కుంది. రేపే చూపించు, అమ్మని ఎక్కించుకోని అట్లా వేలూరు పోవద్దు, బ్రేకు ఆయిల్ మరిగిందంటే పెడల్ నేలకి పోతాది. మీ ఇంటి దగ్గర తెలిసిన షెడ్డులోనే చేయించు, నా దగ్గరికే రావాలని లేదు. రెండు పక్కలా పిన్నులు తీసి శుభ్రం చేసి బ్రేకుకి వాడే గ్రీజే పెట్టమను, మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బతాది. ప్యాడ్లు జతగా మార్చాల.

కొర్లగుంట_బండి
తర్వాతి ఆదివారం, సాయంత్రం 6:22

చేయించినా అన్నా. పిన్ను చేత్తో లాగితే రాలేదు, సుత్తితో కొట్టి తీసినారు, నల్లగా బెరడు కట్టినట్టు తుప్పు. ఎడమ పక్క లోపలి ప్యాడ్ ఒక వైపు ఇనుము దాకా అరిగిపోయింది, ఇంకో వైపు సగం ఉంది. ప్యాడ్లు, రబ్బర్లు, కూలీ కలిపి 2,600. దాంతో పాటు టైర్లలో గాలి చూపిస్తే వెనకవి రెండూ 24 ఉన్నాయి, 32 కొట్టించినా. ఎయిర్ ఫిల్టర్ మార్పించినా.

ఆ తర్వాత ఫుల్ ట్యాంక్ కొట్టించి, అమ్మని వేలూరుకి తీసుకపోయి వచ్చి, చిత్తూరు రెండు రోజులు పోయి, మళ్ళీ అదే బంకులో అదే పంపు దగ్గర ఫుల్ చేయించినా. 462 కి.మీ.కి 28 లీటర్లు పట్టింది. 16.5 వచ్చింది. బండి చేతిలో తేలిగ్గా పోతా ఉంది, న్యూట్రల్‌లో వదిలితే ముందులాగా ఠక్కున ఆగడం లేదు.

లెక్కల_మాస్టారు
ఆదివారం, సాయంత్రం 7:01

చాలా సంతోషం. కిలోమీటరుకి 8.46 నుంచి 6.67కి వచ్చారు. 820 కి.మీ. మీద నెలకు 1,470 రూపాయలు మిగులు, 2,600 ఖర్చుతో. ఎల్పీజీ పెట్టి ఉంటే నెలకు మిగిలేది 1,635 అనుకున్నాం, అదీ 52 వేలు పెట్టాక. ఇప్పుడు 16.5 మైలేజీ మీద మళ్ళీ లెక్క వేస్తే గ్యాస్ వల్ల వచ్చే తేడా కిలోమీటరుకి 1.74కి తగ్గుతుంది, అసలు రావడానికి నలభై నెలలు. మీ బండికి నేనైతే పెట్టను.

పుత్తూరు_టీచర్
ఆదివారం, సాయంత్రం 7:30

అమ్మగారు ఎట్లా ఉన్నారు తమ్ముడూ?

కొర్లగుంట_బండి
ఆదివారం, రాత్రి 8:15

బాగుంది అక్కా, ఈ తూరి డాక్టరు మందు తగ్గించినాడు. కుర్చీ డిక్కీలో ఎప్పటి మాదిరే పట్టింది. కిట్ వద్దనుకున్నా, షెడ్డు ఆయనకి ఫోన్ చేసి చెప్పేసినా, ఆయన కూడా సరే సార్ అన్నాడు. ఆ 52 వేలు అమ్మ మోకాలి ఆపరేషన్‌కి పక్కన పెడతా ఉన్నా. వేలూరులో ఫుల్ ట్యాంక్ మాత్రం ఇప్పటి నుంచి మానను.

రేణిగుంట_ట్యాక్సీ
ఆదివారం, రాత్రి 8:40

మంచి పని చేసినావు. మా స్టాండులో ఒకాయన ఇప్పుడు పాత పెట్రోల్ సెడాన్ కొని బాడుగకి పెట్టినాడు, నెలకు మూడు వేల పైనే తిరుగుతా ఉంది, చెన్నై లైనే. ఆయన ఎల్పీజీనా సీఎన్జీనా అని అడుగుతా ఉన్నాడు. మాస్టారూ, ఆయన బండి 14 ఇస్తాది, మీ లెక్క ఒకటి వేసి పెడతారా? ఇక్కడే పెట్టండి, ఆయనకి చూపిస్తా.

పాకాల_మెకానిక్
ఆదివారం, రాత్రి 9:02

లెక్క కన్నా ముందు ఆయన్ని కూడా చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూసుకోమను. కొర్లగుంట తమ్ముడూ, నువ్వు నెల రోజుల తర్వాత మళ్ళీ ఒకసారి చూడు, కుడి పక్క పిన్ను కూడా పదమూడేళ్ళ నాటిదే కదా.